ముప్పై ఒక్క ఫోన్లు, ఒక్కటే పేరు

“మంగళవారం సాయంత్రం ఏడుంబావుకి ఎక్కడున్నావ్?”

“చర్చిలోనయ్యా. పాటల సాధనలో ఉన్నా.”

“అబద్ధం. ఏడూ పదికి ఆరోగ్య కేంద్రం వెనక గేటు దగ్గరున్నావ్. ఏడూ యాభై రెండుకి సరస్సు ఒడ్డునున్నావ్. నేననడం కాదు, నీ ఫోనే చెప్తోంది.”

ఇన్‌స్పెక్టర్ చెలాంగా కాగితాల కట్టని బల్ల మీద పడేశాడు. పదకొండు వందల పేజీలు. బల్లకి అవతల కూర్చున్న దర్జీ జాడక్ ఒబురా ఆ చప్పుడుకి ఉలిక్కిపడి, మెడలోని కొలతల టేపుని రెండు చేతులతో పట్టుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. నిన్న మధ్యాహ్నం కుట్టుమిషన్ దగ్గర్నుంచి పట్టుకొచ్చారు. టేపు తీసే వ్యవధి కూడా ఇవ్వలేదు.

శుక్రవారం ఉదయం పది నలభై అయింది. మా కిసుము ఊళ్ళో మన్యట్టా పేటలో నర్సు ఫిలిస్టా అడోయో కనబడకుండా పోయి మూడోరోజు. మంగళవారం సాయంత్రం డ్యూటీ దిగి, ఏడూ పదికి వెనక గేటు దాటింది. ఇంటికి చేరలేదు. గేటు దగ్గర పగిలిన ఆమె ఫోన్, ఒక చెప్పు దొరికాయి. ఆ పేటలో సగం మంది పిల్లల్ని మొదట ఎత్తుకున్నవి ఆమె చేతులే. మా రెండోదాన్ని కూడా.

చెలాంగా నైరోబీ సైబర్ విభాగం వాడు. బుధవారం దిగాడు. ఆ సమయంలో గేటు దగ్గర ఏయే ఫోన్లున్నాయో చెప్పమని ఆ పెద్ద ఇంటర్నెట్ కంపెనీని అడిగాడు. ప్రాణాపాయం కేసు కాబట్టి వాళ్ళు ఒక్కరోజులో ఇచ్చేశారు. వచ్చింది ఒక్కటే పేరు, జాడక్ ఒబురా. ఇక ఆ పేరు మీదున్న పుట్టుపూర్వోత్తరాలన్నీ తెప్పించాడు. మధ్యాహ్నం రెండింటికి కోర్టులో హత్యానేరం మోపుతారు. ఆపైన ఫిలిస్టా కోసం ఎవరూ వెతకరు, ఆమె శవం కోసం వెతుకుతారు.

మా ఇన్‌స్పెక్టర్ రోసలిన్ అపోండి గారు గది మూల టీ కప్పు పట్టుకుని కూర్చుని అంతా వింటున్నారు. నేను కార్పొరల్ ఒగుటుని. పదకొండేళ్ళుగా ఆవిడ వెనక తిరగడమే నా ఉద్యోగం. జీతం ఇవ్వకపోయినా తిరుగుతానని మా ఆవిడ దెప్పుతుంటుంది. నిజమే, తిరుగుతాను.

“చెలాంగా, నేనూ నాలుగు ముక్కలు అడగనా?” అన్నారు అపోండి.

“పది నిమిషాలు, మేడమ్. కోర్టు టైమవుతోంది.”

ఆవిడ కప్పు కిందపెట్టి దర్జీ ఎదుటికి కుర్చీ జరుపుకున్నారు. “జాడక్ గారూ, మీ ఆవిడ బాగున్నారా?”

“పోయి ఆరేళ్ళయిందమ్మా.”

“అయ్యో. మరి ఎనిమిదో నెలలో నడుంనొప్పికి ఏం చెయ్యాలని పోయిన నెల ఫోన్‌ని అడిగారే, అదెవరికి?”

“నేనలా అడగలేదమ్మా.”

“ఆవులున్నాయా?”

“కోడి కూడా లేదు.”

“పొదుగు వాపుకి మందేంటని మూడుసార్లు అడిగారు. ఒకసారి మన లువో భాషలో, రెండుసార్లు లుయా భాషలో. మీకు లుయా వచ్చా?”

“రాదమ్మా. దేవుడి తోడు.” అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఏడవకండి. ఇంకొక్కటి చెప్పండి. మీ ఫోన్‌లోకి మీకు తెలియని మనుషులు ఎప్పుడైనా వస్తుంటారా?”

అంతదాకా వణుకుతున్న మనిషి మొహం ఒక్కసారిగా విప్పారింది. “వస్తారమ్మా! ఎంతమందో! పిల్లల ఫొటోలు, పెళ్ళి ఫొటోలు, మెడలో రిబ్బన్ కట్టిన దూడ కూడా వచ్చింది. పేర్లూ నంబర్లూ వాటంతటవే వస్తాయి. పాత ఫోన్‌లో ఎవరూ వచ్చేవారు కాదు. స్మార్ట్ ఫోన్ అంటే అదే కాబోలు, ఒంటరివాళ్ళకి మనుషుల్నిస్తుంది అనుకున్నా. ఆదివారం వాళ్ళందరి కోసం ప్రార్థన కూడా చేస్తున్నా.”

“ఎవరితోనైనా మాట్లాడారా?”

“పశువుల డాక్టరని ఒక పేరొస్తే ఫోన్ చేశానమ్మా. ఎంత మంచివాడో! ఇప్పుడు స్నేహితులమైపోయాం. కోటు కూడా కుట్టిపెట్టా.”

చెలాంగా పకపకా నవ్వాడు. “బాగా నటిస్తున్నాడు, మేడమ్. చర్చి పాటల కంటే నాటకాలు నేర్చుకోవాల్సింది.”

అపోండి నవ్వలేదు. “ఆ ఫోన్ మీకెవరు తెరిచిపెట్టారు?”

“కిబుయే బజార్లో ఫండి బోస్కో.”

మా ఊళ్ళో కొత్త ఫోన్ కొన్నవాడు దాన్ని తనే తెరవడు. రిపేరు చేసే ఫండి దగ్గరికి తీసుకెళ్ళి, తెరిచిపెట్టమంటాడు. తాళం వేసిన పెట్టెని కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళినట్టే. అపోండి గారు లేచి, కట్టలోంచి ఒక పేజీ లాగి, చెలాంగాని వరండాలోకి రమ్మన్నారు.

“నాలుగు వందల పన్నెండో పేజీ. చదువు.”

“చదివాను మేడమ్. ఏడూ పదికి గేటు దగ్గర.”

“కింద లైను.”

“ఏడూ పదకొండుకి చర్చి దగ్గర.”

“గేటుకీ చర్చికీ నాలుగు కిలోమీటర్లు. ఈయన నిమిషంలో ఎలా వెళ్ళాడు, దారం పట్టుకుని జారాడా?”

“అది సిగ్నల్ పొరపాటు. అలాంటి లైన్లన్నీ లెక్కలోంచి తీసేశా.”

“ఎన్ని తీశావ్?”

“కొన్ని.”

“కొన్నంటే?”

చెలాంగా టై సర్దుకున్నాడు. “ఎనిమిది వందల పైచిలుకు.”

నేను గోడవైపు తిరిగి నవ్వు దాచుకున్నాను.

“మేడమ్, మీకు ఈ రకం కాగితాలు అలవాటు లేవు. మత్తు మాత్ర వేస్తే మనిషి ఎంతసేపు పడుకుంటాడని అడిగింది ఈ పేరు మీదే. సరస్సులో లోతు ఎక్కడెక్కువ అని అడిగింది ఈ పేరు మీదే. ఇంకేం కావాలి?”

“దాని వెనకాలే, ఆ లోతులో పెద్ద చేప ఏ ఎరకి పడుతుందని కూడా అడిగారు. అదీ పొరపాటేనా?” ఆవిడ గొంతు పెంచలేదు. పెంచకపోతేనే నాకు భయం. “నాయనా, నేను ఈ కాగితాల్ని తప్పుపట్టట్లేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత నికార్సయిన సాక్షిని చూడలేదు. మనిషి ఎప్పుడు లేచాడు, ఎన్ని అడుగులేశాడు, ఏ వీధి మలుపులో ఆగాడు, ఛార్జింగ్ ఎంతుంది, రాత్రి ఏ పాట విన్నాడు... మా ఆయనకి నా గురించి ఇందులో పావలా వంతు తెలీదు. ఇలాంటివాణ్ణి ఒక్కణ్ణి నా కింద వేస్తే కిసుములో దొంగలంతా ఊరు ఖాళీ చేస్తారు. సాక్షి మంచివాడే. నువ్వే మధ్యలో నోరు నొక్కేశావ్. ఏ లైను ఏ ఫోన్‌దో చెప్పే గడి ఏది?”

“దాచేశా. ఒక మనిషికి ఒకటే ఫోన్ కదా, అనవసరమని.”

“నైరోబీలో ఒక మనిషికి ఒక ఫోనేమో. ఒగుటూ, బండి తియ్.”

పదకొండున్నరకి కిబుయే బజార్లో ఉన్నాం. నీలం రంగు రేకుల గుమటీ మీద ‘దీవెన చేతుల ఫోన్ ఆసుపత్రి’ అని రాసుంది. లోపల బోస్కో ఫోన్ గుండెకాయలు విప్పుకుని కూర్చున్నాడు. అపోండి గారు పోలీసునని చెప్పలేదు. పక్కన నిలబడి చూస్తూ ఉండమని నాకు సైగ చేశారు.

ఎండు చేపలమ్మే ముసలమ్మ ఒకావిడ కొత్త ఫోన్ డబ్బాతో వచ్చింది. “బాబూ, ఇది తెరిచిపెట్టు. మా అల్లుడి మొహం కనిపించాలి.”

బోస్కో ఫోన్ అందుకుని, తల ఎత్తకుండానే టకటకా నొక్కడం మొదలుపెట్టాడు. అపోండి గారి కళ్ళు అతని వేళ్ళ మీద లేవు. అతని వెనక చెక్క మీదున్నాయి. అక్కడ మార్కరుతో పెద్దక్షరాల్లో ఒక ఈమెయిల్, కింద పాస్‌వర్డ్ రాసున్నాయి. ఈమెయిల్‌లో మొదటి ముక్క ‘జాడక్ ఒబురా’.

“ఆగు!” అన్నారావిడ. “చెయ్యి తియ్ బాబూ. ఈవిడకి ఈమెయిల్ ఉందా?”

“లేదమ్మా.”

“మరి ఇరవై సెకన్లలో ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది?”

“పుట్టడమెందుకమ్మా, ఉన్నదే వేస్తా.” తప్పు చేసినవాడి గొంతు కాదది, పనిమంతుడి గొంతు. “కొత్తది పుట్టించాలంటే కోడ్ రావాలి, సిగ్నలుండదు. పుట్టిన తేదీ అడుగుతుంది, సగం మందికి తెలీదు. లైన్లో పదిమంది నిలబడుంటారు. జాడక్ గారిది మొదటి బేరం, చక్కగా కుదిరింది. అప్పట్నించీ అందరికీ అదే వేస్తున్నా. వీళ్ళకి ఈమెయిల్ ఎవడు రాస్తాడు చెప్పండి?”

“ఎంతమందికి వేశావ్?”

అతను పైఅర చూపించాడు. కొన్నవాళ్ళు వదిలేసిన ఖాళీ డబ్బాలన్నీ వరసగా పేర్చి, ఒక్కోదాని మీద పేరు రాసుకున్నాడు. నేను లెక్కపెట్టాను. ముప్పై ఒకటి.

అపోండి గారు వెంటనే చెలాంగాకి ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా పెట్టారు. “ఆ గడి తెరిచావా?”

అవతల కీబోర్డు టకటకలాడింది. తరువాత సన్నటి గొంతు వచ్చింది. “ముప్పై ఒకటి, మేడమ్.”

“గేటు దగ్గర్నుంచి సరస్సుకి వెళ్ళింది ఏ ఫోన్?”

చెలాంగా మోడల్ పేరు చదివాడు. ఆ మోడల్ డబ్బాలు అరలో మూడున్నాయి. ఒకదాని మీద పాస్టరు గారి భార్య పేరు, ఇంకోదాని మీద పాల కేంద్రం గుమస్తా పేరు. మూడోదాని మీద ‘పికిపికి’ అని మాత్రం ఉంది. మోటార్ సైకిల్‌ని మేం పిలిచే పేరు.

“వాడెవడు?”

“మూడు వారాల కిందట వచ్చాడమ్మా. పేరు చెప్పలేదు. పికిపికి మీద వచ్చాడని అదే రాశా.”

నేను మిగతా డబ్బాలు తిప్పి చూస్తున్నాను. అడుగు వరసలో ఒకటి చేతికి తగిలింది. దాని మీదున్న పేరు రెండుసార్లు చదివాను. డబ్బాని అపోండి గారి ముందు పెట్టాను.

‘సిస్టర్ ఫిలిస్టా.’

ఆవిడ నిమిషం పాటు ఆ పేరు వైపే చూశారు. ఆ నిమిషంలో ఆవిడ బుర్రలో ఏం తిరిగిందో నాకు అప్పుడు తెలియలేదు. మొహంలో మాత్రం రెండు రోజులుగా లేని వెలుగొచ్చింది. “పద ఒగుటూ. జాడక్ ఫోన్ వెంటనే స్విచాన్ చెయ్యాలి.”

ముసలమ్మ మా వెనక అరుస్తోంది. “మరి మా అల్లుడి మొహం?”

“ఈవిడకి కొత్త ఈమెయిల్ పుట్టించు, ఎంతసేపు పట్టినా సరే!” అని బోస్కోకి ఆజ్ఞ వేసి బండెక్కారావిడ.

స్టేషన్‌కి వచ్చేసరికి పన్నెండూ నలభై. జాడక్ ఫోన్ సీలు వేసిన సంచిలో చెలాంగా ముందుంది. దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు.

“సీలు తీస్తే ఈ ఫోన్ కోర్టులో చెల్లదు మేడమ్.”

“జాడక్ కాదని ఇప్పుడు నీకూ తెలుసు.”

“తెలుసు. కానీ పద్ధతి పద్ధతే. నైరోబీకి రాసి అనుమతి...”

“కోర్టుకి నీ ఫోన్ కావాలి. ఫిలిస్టాకి మనం కావాలి. కాగితం ఇటివ్వు, సంతకం నేను పెడతా. ఉద్యోగం పోతే నాది పోతుంది.”

సంతకం పెట్టి సంచి చింపారు. చెలాంగా మొహం కందిపోయింది. అయినా ఫోన్ వెలగగానే ముందు వంగింది అతనే. ఆ పేరు మీదున్న ఫోన్లన్నీ ఎక్కడెక్కడున్నాయో చూపించే చోటు తెరిచాడు. పికిపికివాడి ఫోన్ మంగళవారం ఏడూ యాభై రెండుకి సరస్సు ఒడ్డున చివరిసారి కనిపించింది.

“ఆ తర్వాత లొకేషన్ ఆపేశాడు. తెలివైనవాడే.”

“తలుపుకి తాళం వేసుకుని కిటికీ బార్లా వదిలేశాడు. ఫోన్‌ని అడిగిన ప్రశ్నలన్నీ అలాగే ఉన్నాయి చూడు. వాడి ఫోన్‌వి మాత్రమే చదువు. శనివారం నుంచి.”

చెలాంగా చదివాడు. శనివారం ‘తూటా లోపలుంటే ఏం చెయ్యాలి’. ఆదివారం ‘గాయం వాసనొస్తే ఏమిటి’. సోమవారం ‘మత్తు మాత్ర వేస్తే మనిషి ఎంతసేపు పడుకుంటాడు’.

పోయిన శుక్రవారం బుసియా రోడ్డులో మోటార్ సైకిళ్ళ దొంగల ముఠా మీద మావాళ్ళు కాల్పులు జరిపారు. రోడ్డు మీద నెత్తురు దొరికింది, మనిషి దొరకలేదు.

“గాయపడినవాణ్ణి దాచుకుని, మూడు రోజులు ఫోన్‌ని అడిగి చూశారు,” అన్నారు అపోండి. “లాభం లేక నర్సునే ఎత్తుకొచ్చారు. బుధవారం ఏమడిగాడు?”

“ఏమీ లేదు.”

“ఇంట్లో నర్సున్నవాడు ఫోన్‌ని ఎందుకడుగుతాడు? బుధవారం ఆమె బతికే ఉంది. తర్వాత?”

చెలాంగా తెర మీద వేలు జరిపి ఆగిపోయాడు. “గురువారం నాలుగూ ఐదు. ‘గాయం కడగడానికి నీళ్ళల్లో ఎంత ఉప్పు కలపాలి?’” తలెత్తాడు. ఈసారి గొంతులో ఎకసెక్కం లేదు. “మేడమ్, మళ్ళీ ఫోన్‌ని అడుగుతున్నారంటే... నర్సు లేనట్టే కదా.”

పదకొండేళ్ళలో మొదటిసారి, అపోండి గారి లెక్క తప్పిందనుకున్నాను.

ఆవిడ ఫోన్ తన చేతిలోకి తీసుకున్నారు. ఆ ప్రశ్న పక్కన చిన్న త్రికోణం గుర్తుంది. “టైపు చేసింది కాదు, నోటితో అడిగింది. ఆ కంపెనీవాళ్ళు గొంతు కూడా దాస్తారని జాడక్ కాగితాల్లో చూశా,” అంటూ దాన్ని నొక్కారు.

“గాయం కడగడానికి నీళ్ళల్లో ఎంత ఉప్పు కలపాలి?”

ఆడగొంతు. నిదానంగా, స్పష్టంగా ఉంది. నాలుగేళ్ళ కిందట “భయపడకు నాన్నా, ఆడపిల్ల, ముక్కు నీదే” అని నాతో చెప్పిన గొంతు. సిగ్గుపడకుండా ఏడ్చాను. చెలాంగా నా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

“ఉప్పు ఎంతో తెలియని నర్సుంటుందా?” అపోండి గారి కళ్ళు కూడా తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. “మోతాదు చూడాలి, లేకపోతే మీవాడు పోతాడని చెప్పి ఫోన్ తీసుకునుంటుంది. తీసుకోగానే ఏం కనిపించుంటుంది? పాత ప్రశ్నల వరస. పొదుగు వాపు, పెద్ద చేప... వాటి మధ్యలో తను ఎప్పుడో అడిగిన ప్రశ్నలు! ఒక్క చూపులో గ్రహించేసింది చెలాంగా. ఈ ఫోన్‌లో ఏమడిగినా తన ఫోన్‌లో పడుతుంది, అది పోలీసుల దగ్గరుంటుంది, ఎవరో ఒకరు చదువుతారు అని. మెడ మీద కత్తి పెట్టుకుని ఆవిడ క్షణంలో పట్టింది, మనం లాప్‌టాప్ పెట్టుకుని మూడు రోజులు పట్టలేకపోయాం.”

“మనం కాదు మేడమ్. నేను,” అన్నాడు చెలాంగా.

అతని మీద నాకు ఆ క్షణంలో మొదటిసారి గౌరవం కలిగింది.

తరువాతి ప్రశ్న గురువారం నాలుగూ ఆరుది. “పాత ఐస్ ఫ్యాక్టరీ ట్యాంకులో నీళ్ళు మరగబెడితే గాయానికి పనికొస్తాయా?”

“కోగుటా బీచ్!” నేనూ అపోండి గారూ ఒకేసారి అరిచాం. ఈ సరస్సు ఒడ్డున ట్యాంకు మిగిలిన పాత ఐస్ ఫ్యాక్టరీ అదొక్కటే. చేపలు తగ్గాక మూతపడి తొమ్మిదేళ్ళయింది. పక్కనుండి విన్నవాడికి అది వట్టి నీళ్ళ ప్రశ్న. మాకు మాత్రం ఇంటి నంబరు.

“ఇంకోటుంది,” అన్నాడు చెలాంగా. “ఇవాళ్టిది. పన్నెండూ ముప్పై ఒకటి.”

త్రికోణం నొక్కాడు. అదే గొంతు, ఈసారి కొంచెం తొందరగా ఉంది. “మనిషి పోయాక ఒళ్ళు ఎంతసేపటికి బిగుసుకుంటుంది?”

అదీ నర్సుకి తెలిసిన సంగతే. ఆమె ఫోన్‌ని అడగడం లేదు. గాయపడినవాడు చనిపోయాడని మాకు చెబుతోంది. వాడు బతికున్నంతవరకే వాళ్ళకి ఆమెతో పని.

పన్నెండూ యాభై ఐదుకి రెండు జీపులు ఆయుధాలతో కోగుటాకి బయల్దేరాయి. దారి నలభై అయిదు నిమిషాలు. బీచ్ కమిటీ చైర్మన్‌కి ఫోన్ చేస్తే స్విచాఫ్ వచ్చింది. మేం ముగ్గురం జాడక్ ఫోన్ చుట్టూ కూర్చున్నాం. అపోండి గారు హఠాత్తుగా దాన్ని లాక్కుని టైపు చెయ్యడం మొదలుపెట్టారు.

“ఏం చేస్తున్నారు మేడమ్? మీరడిగేది వాడి ఫోన్‌లోనూ కనిపిస్తుంది!”

“అందుకేగా.”

ఆవిడ రాసింది నేను పక్కనుంచి చదివాను. ‘నొప్పులు మొదలయ్యాయి, మంత్రసాని దారిలో ఉంది, వచ్చేదాకా ఏం చెయ్యాలి?’

చెలాంగా ఆవిడ వైపు చూసిన చూపు నాకు బాగా తెలుసు. పదకొండేళ్ళుగా నేను చూస్తున్న చూపే అది. “వాడు చూస్తే?” అన్నాడు నెమ్మదిగా.

“చూడనీ. మూడు వారాలుగా ఎవరిదో నడుంనొప్పి చూసీ చూసీ వాడికి అలవాటైపోయుంటుంది. ఫిలిస్టాకి మాత్రం దారిలో ఉన్న ఆ మంత్రసాని ఎవరో తెలుస్తుంది.”

ఒంటిగంటా ఎనిమిది అయింది. పది, పన్నెండు... టీ వచ్చింది, ఎవరమూ ముట్టుకోలేదు. జీపుల నుంచి వైర్‌లెస్‌లో మాట వచ్చింది. సగం దారి దాటలేదు, ముందు ఇసుక లారీ అడ్డం పడింది, పక్కనుంచి పోతున్నాం.

ఒంటిగంటా పదిహేడుకి తెర మీద కొత్త లైను పడింది. చెలాంగా త్రికోణం మీద వేలు పెట్టాడు.

“ఇద్దరు పెద్ద మగవాళ్ళకి మలేరియా మాత్రలు ఎన్నెన్ని వెయ్యాలి?”

“చూసింది!” అపోండి గారు బల్ల మీద గుద్దారు. “మన మాట చేరింది. ఇద్దరే ఉన్నారని చెప్తోంది. శభాష్ తల్లీ, శభాష్! ఒగుటూ, జీపులకి చెప్పు, ఇద్దరు మగవాళ్ళు.”

నేను వైర్‌లెస్ అందుకున్నాను. నా మాట పూర్తయ్యేలోగా ఇంకో లైను పడింది. ఈసారి అపోండి గారే నొక్కారు.

“పడవలో వాంతులు రాకుండా ఏం వేసుకోవాలి?”

ఆమె మాట అక్కడితో అయిపోయింది, చప్పుడు మాత్రం ఇంకా నడుస్తోంది. గాలి వినబడింది. ఒడ్డుకి కొట్టుకుంటున్న నీళ్ళు వినబడ్డాయి. ఆ వెనక ఎవరో ఇంజను తాడు లాగారు. అందుకోలేదు. రెండోసారి లాగారు. అందుకోలేదు. మూడోసారి ఇంజను అందుకుంది.

అడిగిన టైము ఒంటిగంటా పద్దెనిమిది. గోడ గడియారంలో ఒంటిగంటా ఇరవై ఒకటి అయింది. జీపులింకా ఇరవై నిమిషాల దూరంలో ఉన్నాయి.